సెయింట్ హెలెన్స్ అగ్నిపర్వతం: పేలిన నలభై ఏళ్ళ పైచిలుకు తర్వాత చూడ్డానికి వెళ్ళొచ్చా?

అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రంలో ఉన్న ఈ కొండకి వెళ్ళొచ్చా అని అడిగితే తప్పకుండా వెళ్ళమనే చెప్తాను. అయితే శిఖరం చూసి ఫొటో దిగి రావడానికైతే అంత దూరం అక్కర్లేదు. ఆకాశం తేటగా ఉన్న రోజున పక్క రాష్ట్రం ఆరెగాన్‌లోని పోర్ట్‌లాండ్‌లో ఏ ఎత్తైన వీధిలో నిలబడినా తల తెగిన ఆ కొండ కనిపిస్తూనే ఉంటుంది. దగ్గరికి వెళ్ళి చూడాల్సింది కాళ్ళ కింద నేలని. 1980లో ఒక్క పూటలో చచ్చిపోయిందనుకున్న నేల మళ్ళీ ఎలా బతికి బట్టకట్టిందో కళ్ళారా చూడగలిగే చోట్లు ప్రపంచంలో బహు తక్కువ. కారులో నేరుగా వెళ్ళి, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు కూడా నిదానంగా నడిచి చూడగలిగినవి ఇంకా తక్కువ.

నేను రాజమండ్రిలో డిగ్రీ పిల్లలకి బోటనీ చెప్పి రిటైరైనదాన్ని. అమ్మాయి, అల్లుడు పోర్ట్‌లాండ్ దగ్గర హిల్స్‌బొరోలో ఉంటారు. వేసవుల్లో వాళ్ళ దగ్గరికి వస్తూంటాను. ఇక్కడికొచ్చే మనవాళ్ళ అమ్మానాన్నలకి పిల్లలు చూపించే చోట్లు ఇంచుమించు ఒకటే: మల్ట్నోమా జలపాతం, గులాబీ తోట, సముద్రపొడ్డు, ఔట్‌లెట్ మాల్. ఆ వరసలో ఈ కొండ కూడా చేరాలని నా కోరిక. ముఖ్యంగా ఊళ్ళో పొలం ఉన్నవాళ్ళు, మొక్కలంటే ప్రాణంపెట్టేవాళ్ళు వస్తే మాల్ మానేసైనా ఇక్కడికి తీసుకురండి.

దారి గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. పోర్ట్‌లాండ్ నుంచి ఐ-5 హైవే మీద ఉత్తరానికి గంట ప్రయాణం, క్యాజిల్ రాక్ దగ్గర 49వ ఎగ్జిట్. సియాటిల్ వైపు నుంచైతే అదే ఎగ్జిట్‌కి రెండు గంటలు. అక్కణ్ణుంచి 504 నంబరు రోడ్డు, స్పిరిట్ లేక్ హైవే అంటారు, తిన్నగా కొండకేసి తీసుకెళ్తుంది. ఇంకో గంట. క్యాజిల్ రాక్ దాటిన ఐదు మైళ్ళకి సిల్వర్ లేక్ ఒడ్డున స్టేట్ పార్క్స్ వాళ్ళ విజిటర్ సెంటర్ వస్తుంది. పిల్లలుంటే ఆగండి, పేలుడు సంగతులన్నీ అక్కడ బాగా చూపిస్తారు. పెద్దవాళ్ళే అయితే అక్కడ పొద్దు పుచ్చకండి, అసలు సరుకు ముందుంది.

రోడ్డు పైకెక్కుతూ హాఫ్‌స్టాట్ క్రీక్ వంతెన దాటుతుంది. లోయ మీద 370 అడుగుల ఎత్తున కట్టిన వంతెన. పాత రోడ్డు లోయ అడుగున నది పక్కన ఉండేదట. 1980లో బురద వరద దాన్ని మింగేశాక ఈసారి రోడ్డుని కొండవాలు మీదకి ఎక్కించారు. పేలుడు దెబ్బ తగిలిన ప్రాంతం దాదాపు ఈ వంతెన దగ్గర మొదలవుతుంది. ఇక్కణ్ణుంచి కారు కొంచెం నిదానంగా పోనివ్వమని చెప్పండి. ఎందుకంటే రోడ్డుకి ఇటూ అటూ కనిపించేవి ఒకే అడవి కాదు.

కొన్ని వాలుల మీద చెట్లు గీత గీసినట్టు ఒకే ఎత్తులో, ఒకే జాతి, దట్టంగా నిలబడి ఉంటాయి. అవి వెయర్‌హ్యూజర్ అనే కలప కంపెనీ నాటించినవి. పేలుడులో ఆ కంపెనీ అడవి 68,000 ఎకరాలు నేలకూలింది. 1981 నుంచి 1987 దాకా కూలీల్ని పెట్టి, పైనున్న బూడిద పొర తవ్వి, కింద పాతమట్టి తగిలేదాకా గుంట తీసి, 1.8 కోట్లకు పైగా మొక్కలు నాటించారు. డగ్లస్ ఫర్, నోబుల్ ఫర్ ఎక్కువ. ఇంకా ముందుకెళ్తే అడవి ఒక్కసారిగా పలచబడుతుంది. పొదలు, ఖాళీలు, గడ్డి, బూడిదరంగు నేల, అక్కడక్కడా ఎండిన మొద్దులు. పిచ్చిమొక్కలు పెరిగిన బీడు అనుకుని చాలామంది కారు ఆపకుండా పోతారు. అది 1982లో అమెరికా కాంగ్రెస్ చట్టం చేసి విడిగా తీసిన 1,10,000 ఎకరాల జాతీయ స్మారక ప్రాంతం. అందులో నాటొద్దు, కూలిన చెట్లు ఏరొద్దు, దాని మానాన దాన్ని వదిలేయండి అన్నారు. ఆ నిర్ణయం వల్లే నాలాంటి వాళ్ళకి ఈ ప్రయాణం దక్కింది. నాటిన అడవిని తక్కువ చేయను, కలప కావాలి, ఆ పని వాళ్ళు శ్రద్ధగా చేశారు. కానీ ఆ చెట్ల కింద నేల చీకటి, అక్కడ పెరిగేవి కొద్ది రకాలే. వదిలేసిన వైపున అడుగడుక్కీ ఒక కొత్త మొక్క, ఒక కొత్త పిట్ట. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూపించే పాఠం ఏ క్లాసులోనూ నేను చెప్పలేకపోయాను.

ఇక్కడ ఏం జరిగిందో క్లుప్తంగా చెప్తాను, తెలిసి వెళ్తే చూపు మారుతుంది. 1980 మార్చిలో భూకంపాలతో కొండ కదిలింది, ఆవిరి, బూడిద చిమ్మడం మొదలుపెట్టింది. లోపల శిలాద్రవం పైకి తోసుకొస్తూ ఉత్తరపు వైపు వాలుని రోజుకి ఐదడుగుల చొప్పున ఉబ్బించింది. మే 18, ఆదివారం, ఉదయం 8 గంటల 32 నిమిషాలకి 5.1 తీవ్రతతో భూకంపం వచ్చి ఆ ఉబ్బిన వైపు మొత్తం జారిపోయింది. చరిత్రలో నమోదైన కొండచరియల్లో ఇదే పెద్దది. మూత ఊడిపోవడంతో లోపలి వాయువులు నిలువుగా కాక పక్కకి, ఉత్తరం వైపుకి పేలాయి. 230 చదరపు మైళ్ళ అడవి నిమిషాల్లో పోయింది. కొండ ఎత్తు 1,300 అడుగులు తగ్గింది. 57 మంది చనిపోయారు. ఆదివారం కాబట్టి కలప కూలీలు అడవిలో లేరు, పనిరోజైతే ఆ లెక్క వందల్లో ఉండేది.

రెండు సంగతులు మాత్రం గుర్తుపెట్టుకోండి. ఒకటి, అది మే నెల. ఎత్తైన చోట్ల ఇంకా మంచు పేరుకుని ఉంది. రెండు, అది పొద్దున పూట. రాత్రి తిరిగే చిన్న జంతువులు అప్పటికే బొరియల్లో దూరి పడుకున్నాయి. మంచు కింద ఒదిగిన చిన్న మొక్కలు, గడ్డకట్టిన చెరువుల్లోని చేపలు, నేల కింద ఎలుకజాతులు, మట్టిలో వేళ్ళు, దుంపలు బతికిపోయాయి. అంతా సున్నా నుంచి మొదలవుతుందని అనుకుని వచ్చిన శాస్త్రవేత్తలకి మొదటి వేసవిలోనే బూడిదని చీల్చుకుని వచ్చిన ఫైర్‌వీడ్ అనే పూలమొక్క పిలకలు కనిపించాయి. మేము ఏళ్ళ తరబడి పాఠ్యపుస్తకంలో చెప్పిన వరస, అంటే ముందు లైకెన్లు, తర్వాత నాచులు, తర్వాత గడ్డి, పొదలు, చివరికి చెట్లు అనే వరసని ఈ కొండ పాటించలేదు. ఏది ఎక్కడ మిగిలిందో అక్కణ్ణుంచి అది మొదలుపెట్టింది. చెట్లు, పొదలు, పూలు, చీమలు, కప్పలు, అన్నీ ఒకేసారి.

ఇప్పుడు ఆగాల్సిన చోట్లు. మొదట కోల్డ్‌వాటర్ సరస్సు. పేలుడుకి ముందు ఇక్కడ సరస్సే లేదు, ఒక వాగు ఉండేది. జారిన కొండ దానికి అడ్డుపడితే నీళ్ళు నిలిచి సరస్సయింది. ఒడ్డున చెక్కబాట వేశారు, చక్రాల కుర్చీ కూడా వెళ్తుంది. ఆ బాట పేరే "సరస్సు పుట్టుక". అర మైలు పైచిలుకు. పెద్దవాళ్ళకి ఇంతకన్నా సుఖమైన నడక ఈ ప్రాంతంలో లేదు. కుర్చోడానికి బల్లలున్నాయి, మరుగుదొడ్లు ఉన్నాయి, నీళ్ళు అద్దంలా ఉంటాయి. మా అల్లుడు "అత్తయ్యగారూ, మీరిక్కడ కూర్చోండి, మేము పైకెళ్ళొస్తాం" అన్నాడు. కూర్చోడానికి రాలేదని చెప్పి వాళ్ళతోనే బయల్దేరాను.

వెళ్ళింది హమక్స్ ట్రయల్. నా ఓటు దీనికే. ఈ కొండకి వచ్చి ఇది ఒక్కటి నడిస్తే చాలు. రెండున్నర మైళ్ళ లోపు చుట్టుబాట, ఎత్తుపల్లాలున్నాయి కానీ ఏదీ నిటారు కాదు. చేతికర్ర ఉంటే మంచిది. హమక్ అంటే ఇక్కడ ఆ జారిపడిన కొండ ముక్క. లోయలో నది వెంబడి 14 మైళ్ళ దాకా, సగటున 150 అడుగుల మందాన పరుచుకున్న చరియలో ఈ దిబ్బలు మిగిలాయి. దిబ్బల మధ్య పల్లాల్లో నీళ్ళు చేరి మడుగులయ్యాయి. ఒక దిబ్బ ఎర్రగా, పక్కది బూడిదరంగులో, ఇంకొకటి నల్లగా. కొండ ఒక్కో కాలంలో కక్కిన రాయి ఒక్కో రంగు. "అమ్మమ్మా, అయితే మనం కొండ లోపలి భాగం మీద నడుస్తున్నామా?" అన్నాడు మనవడు. అవును, సరిగ్గా అదే.

బాట మొదట్లోనే రెడ్ ఆల్డర్ గుబురు. ఆకు తిప్పి చూస్తే అంచు సన్నగా కిందికి మడిచి ఉంటుంది, అదే దాని గుర్తు. ఒక వాగు కోసేసిన గట్టు దగ్గర దాని వేళ్ళు బయటపడి ఉన్నాయి. వంగి చూశాను. నారింజరంగు బుడిపెలు, గుత్తులు గుత్తులుగా, ఒక్కో గుత్తి నా బొటనవేలి గోరంత. లోపల ఫ్రాంకియా అనే బాక్టీరియా. గాలిలోని నత్రజనిని పట్టి చెట్టుకి అందిస్తుంది. మన కోస్తాలో ఇసుకనేలల్లో పెంచే సరుగుడు వేళ్ళలో ఉండేదీ ఈ ఫ్రాంకియానే. వట్టి ఇసుకలో సరుగుడు ఎలా పచ్చగా ఉంటుందో, వట్టి రాళ్ళపొడిలో ఆల్డర్ అలాగే నిలదొక్కుకుంది. ముప్ఫై మంది పిల్లల్ని కూర్చోబెట్టి నల్లబల్ల మీద గీసిన బొమ్మ ఇది. ఇంత స్పష్టంగా నేలలోంచి బయటికొచ్చి కనిపించడం నాకు మహాభాగ్యం. ముట్టుకోలేదు, ఈ ప్రాంతంలో మొక్క పీకడం, రాయి తీసుకెళ్ళడం నిషేధం. దయచేసి పిల్లలకి ముందే చెప్పండి, ప్యూమిస్ అనే నురుగురాయి తేలిగ్గా ఉందని జేబులో వేసుకుంటారు.

ఇంకొంచెం ముందుకెళ్తే తడినేలలో ఈక్విసెటమ్, పువ్వూ విత్తనమూ లేని పాతకాలపు మొక్క. బి.ఎస్సీ. బోటనీ చదివినవాళ్ళెవరైనా ఈ పేరు మర్చిపోరు. మా ల్యాబులో అది ఫార్మలిన్ సీసాలో రంగు వెలిసి ఉండేది. ఇక్కడ మోకాలెత్తున, కణుపు కణుపుకీ కొమ్మల చుట్టు వేసుకుని, పచ్చిగా. ఎన్నో కోట్ల ఏళ్ళ వంశం, అగ్నిపర్వతాలు దానికి కొత్త కాదు. అక్కడ ఎంతసేపు నిలబడ్డానో మావాళ్ళని అడగాలి.

మడుగుల దగ్గర కదలకుండా కాసేపు నిలబడండి. తోకకప్పలు గుంపులుగా అంచున మెదులుతాయి. పసిఫిక్ చెట్టుకప్పలు అరుస్తూనే ఉంటాయి. రెక్క మీద ఎర్రమచ్చ ఉన్న నల్లపిట్ట ఒకటి తుంగ చివర ఊగుతూ గోల చేస్తుంది. ఒక మడుగు పక్కన ఆల్డర్ మొద్దు చూశాం, మోకాలు కిందుగా కోసేసి ఉంది, చుట్టూ పెన్సిల్ చెక్కిన పొడి. బీవర్ అనే, చెట్లు కొరికే పెద్ద ఎలుకజాతి జంతువు పని. పంటిగాట్లు వరసగా లెక్కపెట్టేంత స్పష్టంగా ఉన్నాయి. మనవడు వేలుతో తడిమి ఒక్కో గాటు వెడల్పు చూశాడు. కొట్టిన కొమ్మలతో అది కట్టే గట్టు వల్ల మడుగు పెద్దదవుతుంది, మడుగు పెద్దదైతే కప్పలకి చోటు, పిట్టలకి తిండి. ఈ నేలని తిరిగి కడుతున్నవాళ్ళలో అదీ ఒక మేస్త్రీ.

లుపిన్ గురించి చెప్పకపోతే ఈ కొండకి అన్యాయం చేసినట్టే. క్రేటర్‌కీ, అంటే పేలుడుతో కొండలో ఏర్పడిన గొయ్యికీ, స్పిరిట్ లేక్‌కీ మధ్య ప్యూమిస్ మైదానం ఉంది. అక్కడ వేడి బూడిద, నురుగురాయి పరుచుకుని విత్తనం, వేరు ఏమీ మిగలలేదు. ఆ మైదానంలో మొదట వేళ్ళూనిన మొక్క ప్రెయిరీ లుపిన్. జానెడెత్తు కూడా ఉండదు, వెండి నూగుతో ఆకు, ఊదా పువ్వు. పువ్వుని దగ్గరగా చూస్తే జీలుగ పువ్వు, జనుము పువ్వు ఏ తీరో అదే తీరు: పైన పెద్ద రేకు, పక్కన రెండు, కింద పడవగా కలిసిన రెండు. చిక్కుడు కుటుంబం కదా. మన డెల్టాలో ఊడ్పులకి ముందు జీలుగ, జనుము, పిల్లిపెసర చల్లి, పూతకి రాగానే కలియదున్ని పచ్చిరొట్ట ఎరువు చేస్తాం. ఎందుకు? వేరు బుడిపెల్లో రైజోబియం అనే బాక్టీరియా ఉంటుంది, నత్రజని ఊరికే వస్తుంది. ఇక్కడ చల్లే రైతు లేడు, దున్నే ఎద్దు లేదు. లుపిన్ తనే మొలిచి, తనే గాలికొచ్చిన దుమ్ముని, విత్తనాల్ని, పురుగుల్ని తన చుట్టూ పట్టుకుని, తనే చచ్చి ఎరువయింది. అది కుళ్ళిన చోట ఇంకో మొక్క. దాని ప్రయాణం సాఫీగా ఏమీ సాగలేదు, పలచగా పెరిగిన అంచుల్లో గొంగళిపురుగులు దాన్ని తినేసి ఏళ్ళ తరబడి వ్యాప్తిని అడ్డుకున్నాయి. అయినా ఆగలేదు.

దానికి తోడు గోఫర్. ఎలుకలకి దగ్గర జాతి, నేలలోపలే బతుకు, వేళ్ళూ దుంపలూ తిండి. రైతులకి ఇక్కడా పడదు. బూడిద కింద బతికిన గోఫర్లు సొరంగాలు తవ్వుతూ కింది పాతమట్టిని పైకి తెచ్చి పోశాయి. ఆ మట్టితోపాటు సూక్ష్మజీవులు, వేళ్ళతో కలిసి బతికే శిలీంధ్రాలు పైకొచ్చాయి. 1983లో శాస్త్రవేత్తలు ప్యూమిస్ మైదానంలో రెండు చోట్ల కంచె కట్టి గోఫర్లని ఒక్కరోజు వదిలిపెట్టారు. అప్పటికి అక్కడ ఉన్నవి ఓ డజను మొక్కలు. ఆరేళ్ళ తర్వాత లెక్కపెడితే 40,000 పైన. ఆ ఒక్కరోజు తవ్వకం ప్రభావం నేలలోని సూక్ష్మజీవుల్లో నాలుగు దశాబ్దాల తర్వాత కూడా కనిపిస్తోందని 2024లో ప్రచురించారు. పొలంగట్ల మీద బొరియ కనిపిస్తే పొగపెట్టే మా పెద్దవాళ్ళకి ఫోనులో ఈ సంగతి చెప్తే చాలాసేపు నమ్మలేదు.

జాన్‌స్టన్ రిడ్జ్ అబ్జర్వేటరీ గురించి అడుగుతారు. 504 రోడ్డు చివర, 52వ మైలు దగ్గర, క్రేటర్‌కి ఎదురుగా ఐదు మైళ్ళలో ఉంటుంది. 2023 మే 14న కొండచరియ విరిగిపడి దారిలో వంతెన కొట్టుకుపోయింది. అప్పట్నుంచి కారు దారి మూసేశారు. నేను ఇది రాసేనాటికి తెరవలేదు, బయల్దేరే ముందు ఫారెస్ట్ సర్వీస్ పేజీ చూసుకోండి. వంతెన ఉన్న రోజుల్లో నేను వెళ్ళాను. లోపల పేలుడు గురించి చిన్న సినిమా వేసేవారు, అది అయిపోగానే తెర పైకి లేచి వెనక అద్దాల్లోంచి నోరు తెరుచుకున్న అసలు కొండ కనిపించేది. హాల్లో ఎవరూ మాట్లాడేవారు కాదు. అది మళ్ళీ తెరిస్తే తప్పక చూడండి. ఆ గుట్టకి పేరు డేవిడ్ జాన్‌స్టన్‌ది. అమెరికా భూగర్భ సర్వే శాస్త్రవేత్త, ముప్ఫై ఏళ్ళవాడు. అంతకుముందు రెండు వారాలు అక్కడ కాపలా ఉన్న హ్యారీ గ్లికెన్ బదులు పేలుడు ముందు రాత్రి ఆయన ఉన్నాడు. పొద్దున రేడియోలో "వాంకూవర్, వాంకూవర్, ఇదే అది" అని చెప్పడమే ఆఖరు. వాంకూవర్ అంటే కెనడాది కాదు, పోర్ట్‌లాండ్‌కి నది అవతల ఉన్న ఊరు, వాళ్ళ ఆఫీసు అక్కడుంది. గ్లికెన్ 1991లో జపాన్‌లో ఉన్జెన్ అగ్నిపర్వతం దగ్గర ఇదే పని చేస్తూ పోయాడు. ఇలాంటివాళ్ళు ముందే హెచ్చరించి దారులు మూయించబట్టే చనిపోయినవాళ్ళ లెక్క 57 దగ్గర ఆగింది. ఆ గుట్ట వైపు చూసి ఒక్క నిమిషం ఆయన్ని తల్చుకోండి.

అప్పట్లో మేము సిటీ నుంచి ఒక టూర్ వ్యాన్‌లో వెళ్ళాం. పేరు చెప్పను. దారంతా పేలుడు కథే, ఎంత పెద్దది, ఎంతమంది పోయారు, ఇదే. ఒక్కో చోట ఇరవై నిమిషాలు, ఫొటోలు, మళ్ళీ వ్యాన్. ఒక్క మొక్క పేరు చెప్పలేదు. అడిగితే "వీడ్స్" అన్నాడు గైడు. డబ్బు కన్నా ఆ మాటకి బాధపడ్డాను. సొంత కారులోనే వెళ్ళండి, లేదా మౌంట్ సెయింట్ హెలెన్స్ ఇన్‌స్టిట్యూట్ అనే లాభాపేక్ష లేని సంస్థ నడకలు నిర్వహిస్తుంది, మొక్కలూ రాళ్ళూ తెలిసినవాళ్ళు వెంట వస్తారు. వాళ్ళ స్థావరం 43వ మైలు దగ్గర కోల్డ్‌వాటర్ సెంటర్‌లో.

మిగతా రెండు వైపులు. దక్షిణాన ఏప్ కేవ్: ఇంచుమించు 2,000 ఏళ్ళ కిందటి లావా ప్రవహించి వదిలిన గొట్టం, 13,000 అడుగుల పొడుగు. లోపల ఎండాకాలంలో కూడా 5, 6 డిగ్రీల చలి, చిమ్మచీకటి. స్వెటరు, మనిషికో టార్చి తప్పనిసరి. సీజన్లో ముందే ఆన్‌లైన్‌లో టైము బుక్ చేసుకోవాలి. కింది భాగం తేలిక, పై భాగంలో బండలెక్కాలి, పెద్దవాళ్ళని అటు పంపకండి. గోడమీద చెయ్యేస్తే మా పంగిడి, గౌరీపట్నం క్వారీల నల్లరాయి గుర్తొచ్చింది. అదీ బసాల్టే, అదీ లావాయే, ఆరున్నర కోట్ల ఏళ్ళ నాటిది. రాజమండ్రి వాళ్ళం లావా మీదే ఇళ్ళు కట్టుకున్నామని మనవడికి చెప్తే వాడి ముఖం వెలిగిపోయింది.

తూర్పున విండీ రిడ్జ్. స్పిరిట్ లేక్ మీద ఇప్పటికీ తేలుతున్న వేల దుంగలు అక్కణ్ణుంచే బాగా కనిపిస్తాయి. ఆ సరస్సు పక్కన లాడ్జి నడుపుతూ, ఎంత చెప్పినా కదలనన్న 83 ఏళ్ళ హ్యారీ ట్రూమన్ తన పిల్లులతో సహా ఆ కిందే ఎక్కడో ఉన్నాడు. దారిలో మీటా లేక్ ఉంది, మంచు మూత కింద చేపలూ కప్పలూ బతికిపోయిన చిన్న చెరువు. ఆ రోడ్డు సన్నం, మలుపులెక్కువ, శీతాకాలమంతా మూత, కొన్ని వేసవుల్లో పనుల కోసం కూడా మూసేస్తున్నారు. కుదిరితేనే పెట్టుకోండి.

ఇక తిండీ తిప్పలూ. క్యాజిల్ రాక్ దాటాక హోటళ్ళనీ పెట్రోలు బంకుల్నీ నమ్ముకోవద్దు, ట్యాంకు నింపుకునే వెళ్ళండి. శాకాహారులకి దారిలో దొరికేది వేపిన బంగాళాదుంప తప్ప దాదాపు ఏమీ లేదు. మేము పులిహోర, దద్దోజనం, నిమ్మకాయ ఊరగాయ పట్టుకెళ్ళాం, కోల్డ్‌వాటర్ ఒడ్డున బల్ల మీద హాయిగా తిన్నాం. మెతుకు కింద పడేయకండి, కాగితం కూడా కారులోనే వెనక్కి తేవాలి. చాలాచోట్ల పార్కింగుకి రోజుకి 5 డాలర్ల ఫారెస్ట్ పాస్ అడుగుతారు, జాతీయ పార్కుల వార్షిక పాసు ఉంటే అదీ చెల్లుతుంది. ఫోన్ సిగ్నల్ ఉండదు, మ్యాపు ముందే దించుకోండి. నీడ తక్కువ, టోపీ, నీళ్ళు ఎక్కువ ఉండాలి. బైనాక్యులర్స్ ఉంటే లోయకి ఎదురుగా ఉన్న వ్యూపాయింట్లలో ఆగి నది ఇసుకమేటల మీద చూడండి, ఎల్క్ అనే పెద్ద దుప్పుల మందలు మేస్తుంటాయి. పేలుడులో ఉన్నవన్నీ పోయి, మళ్ళీ మొదటగా తిరిగొచ్చిన పెద్ద జంతువుల్లో అవీ ఉన్నాయి.

ఎప్పుడు వెళ్ళాలి అంటే, లుపిన్, పెయింట్‌బ్రష్ అనే ఎర్ర పూలు చూడాలంటే జూన్ చివర నుంచి జూలై. ఫైర్‌వీడ్ గులాబీరంగులో వాలులన్నీ కప్పేది జూలై, ఆగస్టు. మబ్బు ఉందని మానుకోకండి. కొండ కనిపించకపోయినా హమక్స్ బాట తడిసి, దిబ్బల రంగులు ఇంకా ముదిరి బాగుంటాయి. కోల్డ్‌వాటర్ చెక్కబాటకి ఐదుకి నాలుగు ఇస్తాను, ఏప్ కేవ్‌కి నాలుగు, హమక్స్‌కి ఐదుకి ఐదు. సగం రోజే చేతిలో ఉంటే మిగతావన్నీ వదిలి తిన్నగా హమక్స్‌కి వెళ్ళి, రెండు గంటల్లో అయ్యే నడకకి నాలుగు గంటలు పెట్టుకోండి.